1981 టాటా 1210కి ఏ ఆయిల్ పోయాలి? సింగిల్ గ్రేడా, మల్టీ గ్రేడా?

రాయగడ_1210
అందరికీ నమస్కారం. మాది రాయగడ దగ్గర పల్లె. నాన్నగారు కొన్న టాటా 1210 ఎస్ఈ, 1981 మోడల్, ఇప్పటికీ మా దగ్గరే ఉంది. ఒకప్పుడు మునిగుడా వైపు అడవుల నుంచి పేపర్ మిల్లుకి వెదురు తోలిన బండి. ఇప్పుడు కోతల రోజుల్లో వడ్లు, మిగతా రోజుల్లో ఇటుక. వారానికి రెండు మూడు ట్రిప్పులు, అదీ పాతిక ముప్పై కిలోమీటర్ల లోపే. వానాకాలంలో రెండు నెలలు షెడ్డులోనే ఉంటుంది.

నాన్నగారు ఉన్నన్నాళ్లూ 40 నంబరు సింగిల్ గ్రేడ్ ఆయిలే పోసేవారు. ఇప్పుడు షాపులో అడిగితే మల్టీ గ్రేడ్ అని 15డబ్ల్యూ40 బకెట్ చేతిలో పెడుతున్నారు. ఇంకో షాపాయన 20డబ్ల్యూ50 అయితే చిక్కగా ఉంటుంది, పాత ఇంజన్‌కి అదే మంచిదన్నాడు. మా డ్రైవర్ ఏది పోసినా ఒకటే అంటాడు. పాత బండ్లు వాడినవాళ్లు ఒక మాట చెప్పండి. ఈ ఆదివారం ఆయిల్ మార్చాలి.

ప్రాణహిత మిస్త్రీ
మీ నాయన పోసిందే పోయండి.

నేను సిరోంచ, ఆలాపల్లి, బల్లార్షా రోడ్ల మీద ముప్పై నాలుగేళ్లుగా ఈ బండ్లే విప్పుతున్నాను. టేకు దుంగలు మోసిన 1210లు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. ఈ ఇంజన్ బెంజ్ వంశం. 1954లో టాటాలు డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు, 1969 దాకా ఆ పొత్తు నడిచింది. దీని పేరు 692, అంటే ఆరు సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి అడ్డుకొలత). ఆ రోజుల్లో ఈ ఇంజన్లన్నీ సింగిల్ గ్రేడ్ మీదే లక్షల కిలోమీటర్లు తిరిగాయి.

మల్టీ గ్రేడ్ అంటే ఏంటో తెలుసా? పల్చటి ఆయిల్ తీసుకొని, అందులో రబ్బరు లాంటి పాలిమర్ కలిపి, వేడెక్కినప్పుడు చిక్కగా ఉండేటట్టు చేస్తారు. కొత్తలో బాగుంటుంది. గేర్ల మధ్య, బేరింగుల మధ్య నలిగి నలిగి ఆ పాలిమర్ తెగిపోతుంది. అప్పుడు మిగిలేది పల్చటి ఆయిలే. మా చంద్రపూర్ వైపు మే నెలలో ఎండ 46, 47 డిగ్రీలు. ఆ ఎండలో లోడు మీద పల్చటి ఆయిల్ నిలవదు. నా చేతిలో ఒక ఇంజన్ అట్లాగే పోయింది, 1998లో. అందుకే చెప్తున్నాను.

బ్రహ్మపురం బైపాస్
40 నంబరే. ఇంకో మాట లేదు.

జయపురం_డిపో
మిస్త్రీగారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ పాలిమర్ సంగతి పాత కాలం ఆయిళ్ల గురించి చెప్తున్నారు. నేను జయపురంలో ఆయిల్ డిపోలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను, డబ్బా మీద రాసిన ప్రతి అక్షరం ఏంటో నేర్చుకున్నాను.

సింగిల్ గ్రేడ్ 40 అయినా, 15డబ్ల్యూ40 అయినా, 100 డిగ్రీల వేడి దగ్గర చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల మధ్యే ఉండాలి. వెనకున్న 40 అనే అంకెకి అర్థం అదే. రెండింటికీ ఒకటే కొలత. అంటే ఇంజన్ వేడెక్కాక రెండూ సమానం. తేడా అంతా చల్లగా ఉన్నప్పుడే. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఇంజన్ ఎంత తేలిగ్గా తిరుగుతుందో చెబుతుంది.

పాలిమర్ తెగిపోవడం గురించి: సీఐ-4 ప్లస్ అని నాణ్యత తరగతి రాసి ఉన్న ఆయిల్‌ని డీజిల్ ఇంజెక్టర్ గుండా 90 సార్లు పంపి నలగ్గొడతారు. ఆ తర్వాత కూడా దాని గ్రేడ్ దాటి పల్చబడకూడదు. అప్పుడే ఆ పేరు ఇస్తారు.

మా సెమిలిగుడా, పొట్టంగి వైపు జనవరిలో తెల్లారి ఐదింటికి రండి. సింగిల్ గ్రేడ్ 40 పోసిన లారీ సెల్ఫ్ కొడితే 'ఉఁ... ఉఁ...' అని మూలుగుతుంది, తిరగదు. డ్రైవర్లు ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద గడ్డి మంట పెట్టడం నా కళ్లతో చూశాను. ఆ స్థితిలో స్టార్ట్ అయినా ఆయిల్ పైన వాల్వుల్ని నొక్కే రాకర్ల దాకా ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది? అరుగుదల అంతా అప్పుడే.

రాయగడ అన్నా, మీరు 15డబ్ల్యూ40 సీఐ-4 ప్లస్ తీసుకోండి.

ప్రాణహిత మిస్త్రీ
నా ఆయిల్ ప్రెషర్ గేజ్ సెంటీస్టోకుల్లో చదవదు తమ్మీ, కేజీల్లో చదువుతుంది. సింగిల్ గ్రేడ్ మీద వేడిలో రెండున్నర కేజీలు చూపించిన బండి, మల్టీ గ్రేడ్ పోసిన వెయ్యి కిలోమీటర్లకి రెండుకి దిగింది. నా కళ్ల ముందు. దానికేం చెప్తావు?

జయపురం_డిపో
ఏ మల్టీ గ్రేడ్? ఏ కేటగిరీ? సీలు ఉన్న డబ్బానా, లూజు ఆయిలా? ఫిల్టర్ మార్చారా? ఇవేవీ చెప్పకుండా 'మల్టీ గ్రేడ్' అని ఒక్క మాటతో కొట్టేస్తే ఎలా?

ధర్మాబాద్ ట్రాక్టర్
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. కొత్త ఆయిల్ పోసిన మూడో రోజుకే నల్లబడుతోంది. మోసపోయానా?

పర్లాకిమిడి మాస్టారు
ధర్మాబాద్ బాబూ, మోసం కాదు. డీజిల్ మండితే మసి వస్తుంది. ఆ మసిని గుంపు కట్టనీయకుండా తనలో పట్టి ఉంచడమే మంచి ఆయిల్ పని. మూడు రోజులకే నల్లబడిందంటే లోపల ఉన్న పాత మసిని అది కడుగుతోందని అర్థం. నల్లబడని ఆయిల్‌ని చూసి భయపడాలి. వేడి మీద డిప్‌స్టిక్ నుంచి ఒక చుక్క బ్లాటింగ్ పేపర్ మీద వేసి రాత్రంతా వదిలేయి. మరక నడిమి నుంచి అంచు దాకా బూడిద రంగులో సమంగా పాకితే ఆయిల్ ఇంకా పనిచేస్తున్నట్టు. నడుమ నల్లటి ముద్ద, చుట్టూ పసుపు వలయం విడివిడిగా కనిపిస్తే మార్చేయి.

ఇక అసలు చర్చకి. నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చెప్పి రిటైరయ్యాను. ఇద్దరు మిత్రులూ ఎవరి ఊరి వాతావరణం గురించి వాళ్లు వాదిస్తున్నారు. ఒకరిది చంద్రపూర్ ఎండ, ఇంకొకరిది పొట్టంగి చలి. అడిగినవాడిది రాయగడ. అక్కడ మైనస్‌లోకి వెళ్లే చలి లేదు. 15డబ్ల్యూ ఆయిల్‌ని సున్నాకి 20 డిగ్రీలు కింద పరీక్షిస్తారు, 20డబ్ల్యూని 15 డిగ్రీలు కింద. మన కనుమల్లో ఏ చలికాలమూ అంత దూరం వెళ్లదు. 20డబ్ల్యూ40 అయినా చక్కగా సరిపోతుంది.

నేను చూడమనేది ఇంకో అంకె: టీబీఎన్, అంటే ఆమ్లాన్ని చంపే శక్తి. 1990ల నడుమ దాకా మన డీజిల్‌లో గంధకం దాదాపు ఒక శాతం ఉండేది. అది మండి, తేమతో కలిసి ఆమ్లమై రింగుల్ని, బోరుని తినేది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల్లో పది వంతులకు మించకూడదు. కాబట్టి ఆ పాత భయం చాలావరకు పోయింది. కానీ ఈ బండి రెండు నెలలు కదలకుండా నిలబడుతుంది, తిరిగినా పాతిక కిలోమీటర్లే. ఇంజన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆపేస్తారు. లోపల పట్టిన తేమ ఆవిరైపోయే అవకాశం ఉండదు. దీనికి కిలోమీటర్లు లెక్కపెట్టి ఆయిల్ మార్చడం తప్పు, నెలలు లెక్కపెట్టాలి. వానాకాలం షెడ్డులో పెట్టే ముందు పాత ఆయిల్ తీసేసి కొత్తది పోసి నిలబెట్టాలి. చాలామంది వానలు అయ్యాక మారుస్తారు. రెండు నెలలు బేరింగుల్ని ఆమ్లంలో నానబెట్టి తర్వాత కడిగినట్టే అది.

బ్రహ్మపురం బైపాస్
మాస్టారూ, జింక్ గురించి చెప్పలేదు. కొత్త ఆయిళ్లలో అరుగుదల ఆపే జింక్ తీసేశారట, వాల్వుల్ని ఎత్తే పాత ట్యాపెట్లు అరిగిపోతాయట.

పర్లాకిమిడి మాస్టారు
ఆ భయం పాత పెట్రోల్ కార్ల నుంచి పుట్టింది. సైలెన్సర్‌లో వడపోత పెట్టిన బండ్ల కోసం సీజే-4 అనే తరగతి నుంచి, జింక్‌తో కలిసి ఉండే ఫాస్ఫరస్‌ని 0.12 శాతం దగ్గర ఆపారు. అది కూడా ట్యాపెట్లకి చాలినంతే. 2002లో వచ్చిన సీఐ-4కి ఆ కట్టడి కూడా లేదు. నెమ్మదిగా తిరిగే లారీ ఇంజన్‌కి ఆ దిగులు వద్దు.

సాలూరు లారీ
గ్రేడు గురించి ఇంత రాశారు, డబ్బాలో ఏముందో ఒక్కరూ అడగలేదు. నేను సాలూరు నుంచి కొరాపుట్ మీదుగా రాయపూర్‌కి ఇరవై రెండేళ్లు లారీ తోలాను. సాలూరు సంగతి తెలిసినవాళ్లకి తెలుసు, మా ఊళ్లో లారీ లేని వీధి లేదు.

ఒకసారి దారిలో ఒక చిన్న షాపులో పేరున్న కంపెనీ బకెట్ కొన్నాను. సీలు ఉంది, మూత ఉంది, అన్నీ ఉన్నాయి. పోశాను. రెండు వారాలకి డిప్‌స్టిక్ తీస్తే నీళ్లలా కారింది. పాత ఆయిల్‌ని వడకట్టి, ఖాళీ బకెట్లలో నింపి, మూత కొత్తగా బిగించి అమ్ముతున్నారు. ఆ ఖాళీ బకెట్లు మనమే తుక్కుకి అమ్ముతాం. అప్పటి నుంచి నేను ఖాళీ బకెట్ అడుగున మేకుతో చిల్లు పొడవకుండా ఎవరికీ ఇవ్వలేదు. ఇంట్లో బియ్యానికి పెట్టుకుంటామని అడిగినా చిల్లు పొడిచే ఇచ్చాను.

నమ్మకమైన చోట కొనండి, బిల్లు తీసుకోండి. ఆ తర్వాత గ్రేడు.

ఇంకొకటి. గాలి ఫిల్టర్ గురించి ఎవరూ మాట్లాడరేం? ఆ బండికి ఆయిల్ బాత్ ఫిల్టరే కదా. గిన్నెలో ఆయిల్ గీత దాకా ఉండాలి, అడుగున బురద చేరితే కడగాలి. ఇటుక బట్టీ దుమ్ములో తిరిగే బండికి పదిహేను రోజులకోసారి. ఛాంబర్‌లో అమృతం పోసినా పైనుంచి ఇసుక పీలిస్తే ఏ ఇంజన్ బతుకుతుంది?

రాయగడ_1210
గాలి ఫిల్టర్ గిన్నె నిన్నే విప్పాను. అడుగున వేలు మందం ఎర్ర మట్టి పేరుకుంది. సిగ్గనిపించింది. కడిగి కొత్త ఆయిల్ పోశాను. అన్నగారికి ధన్యవాదాలు.

మాస్టారూ, 20డబ్ల్యూ40 అన్నారు. మరి 20డబ్ల్యూ50 పోస్తే ఇంకా మంచిది కాదా? చిక్కగా ఉంటుంది కదా.

జయపురం_డిపో
ఎందుకన్నా 50? కారణం ఏంటి?

మిస్త్రీగారూ, మీరు నా ప్రశ్నకి జవాబివ్వలేదు. 1998లో పోయిందన్న ఇంజన్‌కి మల్టీ గ్రేడ్ పోసే ముందు ఛాంబర్ దింపి కడిగారా?

ప్రాణహిత మిస్త్రీ
ఆ బండికి అప్పటిదాకా పన్నెండేళ్లు సింగిల్ గ్రేడే. ఏ జబ్బూ లేదు. యజమాని ఎవరో చెప్తే విని మల్టీ గ్రేడ్ తెచ్చాడు. సాయంత్రం పోశాము. రెండో రోజు ఆలాపల్లికి సిరోంచకి నడుమ ఇంజన్ పట్టేసింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

జయపురం_డిపో
ఛాంబర్ దింపారా లేదా? ఇది రెండోసారి అడగడం.

పన్నెండేళ్లు తక్కువ డిటర్జెంట్ ఉన్న ఆయిల్ తిరిగిన ఇంజన్‌లో గోడలకి బంక పేరుకుంటుంది. ఒక్కసారిగా డిటర్జెంట్ ఎక్కువున్న ఆయిల్ పోస్తే ఆ బంకంతా ఊడి కిందికి దిగుతుంది. పోయి ఆయిల్ పంపు ముందుండే స్ట్రైనర్ జాలీ మీద కూర్చుంటుంది. పంపు పీల్చడానికి ఆయిల్ ఉండదు. ఇంజన్ పట్టేస్తుంది. ఇందులో ఆయిల్ తప్పు ఏముంది? కడగకుండా పోసినవాడిదే తప్పు. జవాబు చెప్పకపోవడమే జవాబు అనుకుంటాను.

ప్రాణహిత మిస్త్రీ
పోసినవాడిదే తప్పు. ఇదే మాట ఆ రోజు యజమాని కూడా అన్నాడు, పది మంది ముందు.

చెప్తా విను. నేను అడిగాను. ఛాంబర్ దింపుదాం, ఒక రోజు పని, జాలీ కడిగి, ప్యాకింగ్ కొత్తది వేసి పోద్దామని. డిపోలో దుంగలు ఎక్కించి ఉన్నాయి, రేపు పొద్దున బండి కదలాలి, నువ్వు ఆయిల్ మార్చు చాలు అన్నాడు. నేను మార్చాను. ఇంజన్ పోయింది. క్రాంక్ గ్రైండింగ్, బేరింగులు, పంపు, అన్నీ కలిపి నా జీతంలో పదకొండు నెలలు కోశాడు. నెల నెలా. మా పెద్దపాప పుట్టిన ఏడాది అది. పాత స్పానర్ సెట్ అమ్మి మందులు కొన్నాను. నువ్వు తొమ్మిదేళ్లుగా ఆయిల్ డబ్బాలు అమ్ముతున్నావు, బండి కింద ఎన్ని రాత్రులు పడుకున్నావు తమ్మీ?

తప్పు మిస్త్రీదే అనడం సులువు. డబ్బా అమ్మినవాడి మీదికి ఎవరూ రారు.

బ్రహ్మపురం బైపాస్
డిపో అబ్బాయ్, పెద్దాయనతో అట్లా మాట్లాడతావా?

జయపురం_డిపో
నేను పెద్దాయన్ని అనలేదు. పద్ధతిని అన్నాను. మిస్త్రీగారూ, మీకు జరిగింది అన్యాయం. అది నాకు తెలియదు, తెలియక రాసిన మాటకి క్షమించండి.

కానీ నేను ఎందుకు పట్టుబడుతున్నానో కూడా వినండి. మా నాన్న డ్రైవరు. 2011లో అప్పు చేసి సెకండ్ హ్యాండ్ లారీ కొన్నారు. చూసేటప్పుడు ఆయిల్ ప్రెషర్ గేజ్ ముల్లు చక్కగా నిలబడింది. ఇంజన్ శబ్దం మెత్తగా ఉంది. నలభై రోజులకి సుంకి ఘాట్ ఎక్కుతుంటే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయి శబ్దం మొదలైంది, పైకి చేరేలోపు ఇంజన్ ఆగిపోయింది. విప్పితే తెలిసింది: లోపల జిగురులాంటి చిక్కటి ఆయిల్. అరిగిన బేరింగుల్ని దాచడానికి అమ్మేముందు పోశారు. కిస్తీలు కట్టలేక ఆ బండి ఫైనాన్స్ వాళ్లు తీసుకుపోయారు. నాన్న మళ్లీ ఇంకొకరి లారీ ఎక్కారు. అందుకే చిక్కటి ఆయిల్ అని ఎవరన్నా అంటే నాకు కారణం కావాలి.

రాయగడ అన్నా, మిమ్మల్ని 50 ఎందుకని అడిగాను. మీరు చెప్పలేదు. మీ గేజ్‌లో వేడి మీద ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఎంత చూపిస్తోంది?

రాయగడ_1210
అర కేజీ. ఒక్కోసారి ముల్లు కిందికి ఆనుతోంది. రేజ్ చేస్తే ఒకటిన్నర వస్తుంది.

మొదట్లోనే చెప్పాల్సింది. చెబితే అందరూ ఇంజన్ విప్పి హాఫ్ ఇంజన్ పని చేయించమంటారని తెలుసు. మా దగ్గర ఇప్పుడు అంత డబ్బు లేదు. పదిహేనేళ్లు దాటిన లారీకి ఫిట్‌నెస్ ఫీజు 2022లో ఒక్కసారిగా పెంచాక ఏటా ఆ ఖర్చే మోయలేకపోతున్నాం. తమ్ముడు తుక్కుకి ఇచ్చేద్దామంటున్నాడు. కోతలు వస్తున్నాయి, ఈ ఒక్క సీజన్ చిక్కటి ఆయిల్ మీద నడిస్తే డబ్బు చేతికొస్తుంది, అప్పుడు పని చేయిద్దామని నా ఆలోచన. నేను ఎవరికీ అమ్మడం లేదు. ఎవరినీ మోసం చేయడం లేదు.

జయపురం_డిపో
మిమ్మల్ని మీరు మోసం చేసుకుంటున్నారు అన్నా. 20డబ్ల్యూ50 పోస్తే ముల్లు లేస్తుంది. బేరింగ్ సందు తగ్గదు. ముల్లు లేచిందని లోడు పెంచుతారు. ఒకరోజు గుప్పెడు ఇనుప పొడి చేతికొస్తుంది.

సాలూరు లారీ
తమ్ముడూ, కాస్త ఆగు. నువ్వు మీ నాన్నగారికి బండి అమ్మినవాడిని, ఈయన్ని ఒకే గాటన కట్టకు. సొంత బండి, పాతిక కిలోమీటర్ల దూరం, చదును రోడ్డు. అరిగిన ఇంజన్‌కి ఒక గ్రేడు పెంచి పోసుకోవడం ఎప్పటి నుంచో ఉంది. నేనూ చేశాను. ఒక పంట చేతికొచ్చేదాకా బండి నడిపించుకున్నాను. డబ్బున్నవాడికి ఇంజన్ పని, లేనివాడికి చిక్కటి ఆయిల్. అది దొంగతనం కాదు, గడుపుకోవడం.

జయపురం_డిపో
గడుపుకోవడం అని మీరంటున్నారు. ఆ ఒక్క సీజన్‌లోనే క్రాంక్ పోతే, బేరింగులతో తీరేది క్రాంక్ గ్రైండింగ్‌కి వెళ్తుంది. లేనివాడికే ఎక్కువ నష్టం.

సాలూరు లారీ
ఆ బేరింగులు కొనే డబ్బే లేదని కదా ఆయన చెప్పేది. నీకు వినపడటం లేదు.

నిర్వాహకుడు
ఆయిల్ గురించి అడిగిన ప్రశ్న ఇది. వ్యక్తుల గురించి రాసినవి తొలగిస్తాను. రాయగడ_1210కి పనికొచ్చేది రాయండి.

ప్రాణహిత మిస్త్రీ
పనికొచ్చేది నేను రాస్తాను.

రాయగడ బాబూ, ప్రెషర్ తగ్గడానికి బేరింగులు ఒక్కటే కారణం కాదు. ముందు డబ్బు ఖర్చు లేనివి చూడు. గేజ్ అబద్ధం చెప్తుండవచ్చు, ఇంకో గేజ్ పెట్టి చూడు. డిప్‌స్టిక్ వాసన చూడు, డీజిల్ వాసన వస్తే, మట్టం పెరుగుతుంటే, ఎక్కడో డీజిల్ ఆయిల్‌లో కలిసి పల్చబడుతోంది. ప్రెషర్ వాల్వ్ స్ప్రింగ్ కింద చెత్త చిక్కుకొని వాల్వ్ తెరిచే ఉండవచ్చు. స్ట్రైనర్ జాలీ మూసుకుపోయి ఉండవచ్చు. ఈ నాలుగూ చూడకుండా బేరింగులు పోయాయని ఎవరూ చెప్పలేరు. చిక్కటి ఆయిల్ పోస్తే ఈ నాలుగూ దాగిపోతాయి. జాలీ సగం మూసుకుపోయిన చోట చిక్కటి ఆయిల్ చలి పొద్దున అసలే ఎక్కదు.

ఛాంబర్ దింపు. మనిషి కూలి, ఒక కార్క్ ప్యాకింగ్, అంతే ఖర్చు. నేను ఆ రోజు దింపలేకపోయాను. నీ బండి నీది, నిన్ను ఆపే యజమాని లేడు.

ఛాంబర్ దింపాక సింగిల్ గ్రేడే పోయి. ఆ మాట నేను మార్చను.

జయపురం_డిపో
ఛాంబర్ దింపమన్న మాటకి నేను రెండు చేతులతో ఒప్పుకుంటున్నాను. దింపాక మల్టీ గ్రేడ్ పోయండి. సీఐ-4 ప్లస్.

పర్లాకిమిడి మాస్టారు
ఛాంబర్ దించినప్పుడు ఒక కనెక్టింగ్ రాడ్ క్యాప్, ఒక మెయిన్ క్యాప్ (బేరింగుల్ని పట్టి ఉంచే మూతలు) విప్పి చూపించమను. బేరింగ్ మీద బూడిద రంగు పొర సమంగా ఉంటే పర్లేదు, ఇత్తడి రంగు కనిపిస్తే పొర అరిగిపోయినట్టు. క్యాప్‌లు తారుమారు కాకూడదు, ఏది ఎక్కడిదో, ఏ వైపుదో గుర్తు పెట్టి విప్పాలి.

రాయగడ_1210
(ఎనిమిది రోజుల తర్వాత)

అందరికీ. ఆదివారం ఛాంబర్ దించాం. మా ఊరి మిస్త్రీ, డ్రైవర్, నేను. తమ్ముడు కూడా వచ్చి బండి కింద దూరాడు, నేను పిలవలేదు.

ఛాంబర్ అడుగున రెండు వేళ్ల మందం నల్లటి బంక. గరిటెతో తీస్తే నల్ల హల్వాలా ముద్దగా వచ్చింది. స్ట్రైనర్ జాలీ చూసి నోట మాట రాలేదు. మూడొంతుల్లో రెండొంతులు మూసుకుపోయి ఉంది. దాని మీద పాత కార్క్ ప్యాకింగ్ ముక్కలు, ఎప్పుడో ఎవరో ప్యాకింగ్‌కి పూసిన ఎర్ర షెల్లాక్ గడ్డలు, ఒక గుడ్డపీలిక. 2006లో ఇంజన్‌కి బోరింగ్ చేయించినప్పుడు తుడిచి లోపలే మరిచిపోయిన గుడ్డ అయ్యుంటుంది. పద్దెనిమిదేళ్లకి పైగా అది అక్కడే ఉంది.

డీజిల్‌లో నానబెట్టి బ్రష్‌తో కడిగాం. మాస్టారు చెప్పినట్టు రెండు క్యాప్‌లు విప్పాం. మూడో సిలిండర్ రాడ్ బేరింగ్ మీద అంచున కొంచెం ఇత్తడి రంగు కనిపిస్తోంది. మెయిన్ బేరింగ్ బూడిద రంగే, గీతలున్నాయి కానీ పర్లేదన్నాడు మిస్త్రీ. రాడ్ బేరింగులు ఒక సెట్ కొన్నాం, తమ్ముడు డబ్బు పెట్టాడు. క్రాంక్ మీద గోరు పెట్టి లాగితే ఎక్కడా తట్టలేదు, కాబట్టి గ్రైండింగ్ అక్కర్లేదన్నాడు.

ఆయిల్ ఇంకా పోయలేదు. 20డబ్ల్యూ40, సీఐ-4 ప్లస్, బిల్లుతో తెచ్చాను. మిస్త్రీగారూ, మీరు చెప్పిన సింగిల్ గ్రేడ్ కాదు, జయపురం తమ్ముడు చెప్పిన 15 కూడా కాదు. మాకు దగ్గర్లో నమ్మకమైన షాపులో ఉన్నది ఇదే. కోపం తెచ్చుకోకండి.

జయపురం_డిపో
కోపం ఎందుకన్నా. 500 కిలోమీటర్లకి ఫిల్టర్ ఎలిమెంట్ మార్చండి, గోడల మీద మిగిలిన బంక అప్పటికి దిగుతుంది. ఆ తర్వాత వెయ్యికి ఆయిల్, ఎలిమెంట్ రెండూ. ఆ తర్వాత మామూలే.

సాలూరు లారీ
ఖాళీ బకెట్‌కి చిల్లు పొడవండి.

ప్రాణహిత మిస్త్రీ
నేను పోయమన్నది నువ్వు పోయలేదు. సరే.

బండి స్టార్ట్ చేసే ముందు ఇది చదువు. కొత్త బేరింగులు వేసేటప్పుడు వాటి మీద ఆయిల్ రాసి బిగించి ఉంటారు, లేకపోతే మళ్లీ విప్పు. ఫిల్టర్ బౌల్ నిండా ఆయిల్ పోసి బిగించు, ఖాళీగా బిగించవద్దు. ఛాంబర్‌లో గీత దాకా పోసి అరగంట ఆగు. తర్వాత స్టాపర్ కేబుల్ లాగి పట్టుకొని, డీజిల్ వెళ్లకుండా సెల్ఫ్ కొట్టు. ఒక్కసారికి పది సెకన్లు, నడుమ నిమిషం విశ్రాంతి, సెల్ఫ్ కాలిపోకుండా. గేజ్ ముల్లు కదిలేదాకా అట్లాగే. ముల్లు లేవకుండా స్టాపర్ వదలవద్దు. ఐదారుసార్లు పట్టినా పట్టవచ్చు, కంగారు పడవద్దు.

స్టార్ట్ అయ్యాక రేజ్ చేయవద్దు. ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపి, గీత చూసి, తగ్గింది పోయి. ఛాంబర్ చుట్టూ బోల్టులు వేడెక్కాక ఇంకోసారి బిగించాలి, కార్క్ నలుగుతుంది. మొదటి నాలుగు ట్రిప్పులు సగం లోడే.

వేడి మీద ఐడిల్‌లో ఎంత చూపించిందో రాయి. నాకు తెలియాలి.

రాయగడ_1210
నాలుగోసారికి ముల్లు లేచింది మిస్త్రీగారూ. స్టాపర్ పట్టుకున్నది తమ్ముడు, సెల్ఫ్ కొట్టింది నేను. బట్టీ దాకా సగం లోడుతో వెళ్లి వచ్చాం. పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లో కేజీ పావు. రేజ్ చేస్తే మూడుకి దగ్గర.

ప్రాణహిత మిస్త్రీ
బాగుంది. వెయ్యి కిలోమీటర్లకి మళ్లీ చూసి చెప్పు.